బెంగళూరులో ఇన్ఫర్మేషన్ సైన్స్ సీటుకు ఇల్లు తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: అయ్యా, మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. మూడెకరాల తోతాపురి మామిడి తోట, రెండు పాడి ఆవులు మా ఆధారం. మా పెద్దమ్మాయికి ఈఏపీసెట్ కౌన్సెలింగులో తిరుపతి దగ్గరి కాలేజీలో కన్వీనర్ కోటా కింద ఐటీ సీటు వచ్చింది. మా ఆదాయానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వర్తిస్తుంది. అమ్మాయి మాత్రం బెంగళూరులో ఇన్ఫర్మేషన్ సైన్స్ ఇంజినీరింగే చదువుతానంటోంది. అక్కడ ఒక కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తానని ఒక ఏజెంటు చెబుతున్నాడు. ఏడాదికి ఫీజు 3.5 లక్షలు, హాస్టలు, భోజనం 1.5 లక్షలు, ఇవి కాక ముందుగానే రసీదు లేకుండా 3 లక్షల డొనేషన్. మా చేతిలో 4 లక్షలున్నాయి. ఇల్లు తాకట్టు పెడితే 11 శాతం వడ్డీకి 16 లక్షలు ఇస్తామని బ్యాంకువాళ్లు అన్నారు. డొనేషన్‌కు రెండు రూపాయల వడ్డీకి బయట అప్పు దొరుకుతుంది. “అక్కడ సగటు ప్యాకేజీ 9 లక్షలు నాయనా, ఉద్యోగం వచ్చిన రెండేళ్లలో తీర్చేస్తాను” అంటోంది అమ్మాయి. కొడుకు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఏజెంటుకు ఇప్పటికే 25 వేలు అడ్వాన్సు ఇచ్చాం. ఏం చేయమంటారు? — ఒక తండ్రి, చిత్తూరు జిల్లా

సమాధానం: అయ్యా, మీరు అంకెలన్నీ దాచకుండా రాశారు కాబట్టి నేను కూడా నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. మీరు రాసిన షరతుల మీద ఆ బెంగళూరు సీటు తీసుకోవద్దు. మీ అమ్మాయికి అంత శక్తి లేదని గాని, ఆడపిల్లను అంత దూరం పంపకూడదని గాని నేనీ మాట అనడం లేదు. ఆ అప్పు మోయాలంటే ఆమెకు మొదటి ఉద్యోగంలో ఎంత జీతం రావాలో లెక్క వేస్తే, ఆ జీతం ఆ తరగతిలో కొద్దిమందికే దక్కేదిగా కనిపిస్తోంది కాబట్టి అంటున్నాను. ఈ లెక్కను మీరూ అమ్మాయీ పక్కపక్కన కూర్చుని కాగితం మీద వేసి చూసుకోవాలని నా కోరిక. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అప్పు సంగతి చూద్దాం. బ్యాంకు 16 లక్షలనూ ఒకేసారి ఇవ్వదు, ఏడాదికి సుమారు 4 లక్షల చొప్పున కాలేజీకి కడుతుంది. చదువు నాలుగేళ్లు, ఆ తర్వాత మరో ఏడాది వరకు కంతులు కట్టనవసరం లేదు, కానీ కంతు లేదంటే వడ్డీ లేదని కాదు. మొదటి ఏడాది ఇచ్చిన 4 లక్షల మీద ఐదేళ్ల పాటు, రెండో ఏడాది ఇచ్చిన దాని మీద నాలుగేళ్ల పాటు, ఇలా బారువడ్డీ లెక్కన కూడితేనే 6.16 లక్షలవుతుంది. కంతులు మొదలయ్యే రోజున అది అసలులో కలిసి, మీ అమ్మాయి ఖాతాలో అప్పు 22.16 లక్షలుగా కనిపిస్తుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 30,500 రూపాయల కంతు పడుతుంది, మొత్తం కట్టేది 36 లక్షలు దాటుతుంది. పదిహేనేళ్లకు పొడిగిస్తే కంతు 25,200కు తగ్గుతుంది గాని, మొత్తం 45 లక్షలకు చేరుతుంది. అమ్మాయి అన్నట్టు రెండేళ్లలోనే తీర్చాలంటే నెలకు లక్షా మూడు వేలకు పైగా కట్టాలి. ఆమె మాటలో తప్పు ఉద్దేశమేమీ లేదు, పద్దెనిమిదేళ్ల పిల్లకు ఈ లెక్క ఎవరూ వేసి చూపించలేదు, అంతే.

దీనికి డొనేషన్ అప్పు అదనం. రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నదిగానే ఉంటుంది గాని, అది ఏడాదికి 24 శాతం. 3 లక్షలకు నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. ఐదేళ్లు వడ్డీ మాత్రమే కడుతూ పోతే 3.6 లక్షలు కట్టిన తర్వాత కూడా అసలు 3 లక్షలూ అలాగే ఉంటుంది. పైగా ఈ డబ్బు అడగడమే చట్టవిరుద్ధం. కర్ణాటకలో క్యాపిటేషన్ ఫీజును, అంటే ఇలాంటి డొనేషన్‌ను, నిషేధిస్తూ 1984లోనే చట్టం వచ్చింది, మన రాష్ట్రంలో అంతకు ముందు ఏడాదే వచ్చింది. రసీదు లేని సొమ్ముకు బ్యాంకు అప్పు ఇవ్వదు, రేపు సీటు రాకపోతే తిరిగి అడగడానికి మీ దగ్గర ఆధారమూ ఉండదు. ఈ ఒక్క కారణం చాలు, ఆ ఏజెంటుతో బేరం ఆపేయడానికి.

ఇప్పుడు జీతం వైపు వద్దాం. మీరు బాగా తరచి చూడవలసినది ఇక్కడే. “సగటు ప్యాకేజీ 9 లక్షలు” అన్న మాటలో ఒక్క అబద్ధమూ లేకుండానే మీరు మోసపోయే వీలుంది. ఒక తరగతిలో 60 మంది ఉన్నారనుకోండి. వారిలో నలుగురికి 45 లక్షల చొప్పున, 36 మందికి 5 లక్షల చొప్పున ఉద్యోగాలు వచ్చాయి, మిగిలిన 20 మందికి క్యాంపస్‌లో ఏ ఉద్యోగమూ రాలేదు. ఉద్యోగం వచ్చిన నలభై మందికీ కలిపి 360 లక్షలు, సగటు సరిగ్గా 9 లక్షలు. బ్రోచరులో ఆ 9 లక్షలు పెద్ద అక్షరాలతో పడుతుంది, 45 లక్షలు వచ్చిన నలుగురి ఫోటోలు కూడా పడతాయి. కానీ ఆ తరగతిలో 9 లక్షల జీతం వచ్చిన మనిషి ఒక్కరు కూడా లేరు. జీతాలను వరుసలో పేర్చి సరిగ్గా మధ్యన ఉన్న విద్యార్థిని అడిగితే 5 లక్షలని చెబుతాడు, మూడింట ఒక వంతు మంది ఏమీ చెప్పలేరు. ఇది నేను ఊహించి వేసిన ఉదాహరణే అయినా, సగటు అంకెను ఎందుకు నమ్మకూడదో చూపించడానికి సరిపోతుంది. మీరు అడగవలసినది సగటు జీతం కాదు, మధ్యస్థ జీతం. దాంతో పాటు ఆ బ్రాంచిలో చేరినవారెందరు, వారిలో ఉద్యోగం వచ్చినవారెందరు అన్నది కూడా అడగాలి. “ఆఫర్లు” ఎన్ని అన్న లెక్క కూడా వద్దు, ఎందుకంటే ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లొస్తే కొన్ని చోట్ల అవి మూడుగానే లెక్కలోకి వెళ్తాయి. ఆఫరు చేతికొచ్చినా చేరే తేదీ రాక ఏడాది, రెండేళ్లు ఇంట్లో కూర్చున్న పిల్లలను 2022 తర్వాత మన జిల్లాలోనే చాలామందిని చూశాం. వారిలో అప్పు ఉన్నవారికి మాత్రం కంతు తేదీ ఆగలేదు.

ఈ అంకెలు ఎక్కడ దొరుకుతాయని మీరు అడగవచ్చు. అమెరికాలో కాలేజ్ స్కోర్‌కార్డ్ అని ప్రభుత్వమే ఒక వెబ్‌సైట్ నడుపుతోంది. అందులో ఏ కాలేజీలో ఏ కోర్సు చదివినవారికి మధ్యస్థంగా ఎంత అప్పు మిగిలింది, తర్వాత ఎంత సంపాదిస్తున్నారు అన్న రెండు అంకెలూ పక్కపక్కనే చూడవచ్చు. అది కూడా ప్రభుత్వ సహాయం పొందిన విద్యార్థులను మాత్రమే లెక్కిస్తుంది కాబట్టి, మన దేశం నుంచి అక్కడికి చదవడానికి వెళ్లే పిల్లలు దానిని చూసి తమ జీతం ఊహించుకోకూడదు. మన దగ్గర దానికి కాస్త దగ్గరగా వచ్చేది, కేంద్ర విద్యాశాఖ కాలేజీలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగు. ఆ ర్యాంకింగుకు దరఖాస్తు చేసే ప్రతి కాలేజీ ఎందరు చేరారు, ఎందరు సకాలంలో పాసయ్యారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, ఉద్యోగం వచ్చినవారి మధ్యస్థ జీతం ఎంత అన్న వివరాలు సమర్పించి, ఆ పత్రాన్ని తన వెబ్‌సైట్‌లో కూడా పెట్టాలి. అది బ్రాంచి వారీగా ఉండదు, కాలేజీ మొత్తానికి ఉంటుంది. అయినా బ్రోచరు కంటే ఎన్నో రెట్లు నయం. మీ అమ్మాయి ఫోనులోనే ఆ కాలేజీ పేరుతో వెతికి ఆ పత్రం తీయగలదు. ఆ పత్రమే లేదంటే, ఆ కాలేజీ తన అంకెలను బయట పెట్టడానికి సిద్ధంగా లేదని అర్థం చేసుకోండి.

ప్యాకేజీకీ చేతికొచ్చే జీతానికీ ఉన్న తేడా కూడా చూడాలి. పెద్ద ఐటీ సేవల కంపెనీలు కొత్తగా చేరే ఇంజినీర్లలో ఎక్కువమందికి ఇచ్చే ప్యాకేజీ పదేళ్లకు పైగా మూడున్నర లక్షల చుట్టుపక్కలే తిరుగుతోంది. ప్రత్యేక పరీక్షల్లో బాగా రాణించినవారికి 6.5 నుంచి 9 లక్షల వరకూ ఇస్తున్నారు గాని, వారి సంఖ్య తక్కువ. 3.6 లక్షల ప్యాకేజీలో పీఎఫ్ రెండు వాటాలూ, గ్రాట్యుటీ, బీమా వంటివి పోగా నెలకు చేతికి సుమారు 25 వేలు వస్తుంది. 5 లక్షల ప్యాకేజీకి 35 వేలు, 8 లక్షల ప్యాకేజీకి 55 వేల ప్రాంతంలో వస్తుంది.

ఇక ఈ రెండు లెక్కలనూ కలపండి. తిరుపతి దగ్గర చదివి మామూలు ఉద్యోగంలో చేరితే అమ్మాయికి నెలకు 25 వేలు వస్తాయి, అప్పు ఉండదు. బెంగళూరులో చదివితే నెలకు 30,500 బ్యాంకుకు పోతుంది. అంటే ఇక్కడి డిగ్రీతో సమానంగా నిలవడానికే ఆమెకు అక్కడ 55,500 చేతికి రావాలి. అది 8 లక్షల ప్యాకేజీ. అదీ మొదటి నెల నుంచే రావాలి, పదేళ్ల పాటు ఆ తేడా అలాగే నిలవాలి. కాబట్టి మీరు ఆ కాలేజీని అడగవలసిన ప్రశ్న ఒక్కటే: నిరుడు ఇన్ఫర్మేషన్ సైన్స్ బ్రాంచిలో పాసైన వారందరిలో 8 లక్షలు, అంతకు మించి వచ్చినవారు ఎందరు? 60 మందిలో నలభై మంది అని ఆధారంతో చూపిస్తే నా సలహా మార్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. పది మంది అని చెబితే, మీ అమ్మాయి ఆ పదిమందిలో ఒకరు కావాలన్న నమ్మకం మీద మీ ఇల్లు తాకట్టు పెడుతున్నారన్న మాట. 5 లక్షల ఉద్యోగమే వస్తే, బెంగళూరులో 35 వేల జీతంలో 30,500 కంతు పోగా మిగిలే 4,500తో ఆడపిల్ల పీజీ హాస్టలు అద్దె కూడా కట్టలేదు.

ఎంత అప్పు చేయవచ్చన్నదానికి ఒక కొలత చెబుతాను. అమెరికా విద్యాశాఖ 2023లో కొన్ని రకాల వృత్తి కోర్సులకు పెట్టిన నియమం ప్రకారం, ఏడాదిలో కట్టే చదువు అప్పు కంతులు మొత్తం సంపాదనలో 8 శాతం లోపు గాని, కనీస జీవన ఖర్చులు పోగా మిగిలేదానిలో 20 శాతం లోపు గాని ఉండాలి. మన జీతాలకు, మన వడ్డీ రేట్లకు అది అక్షరాలా కుదరదు. మన ఇళ్లలో పిల్లలు మొదటి కొన్నేళ్లు పొదుపుగానే బతుకుతారు కాబట్టి, చేతికొచ్చే జీతంలో మూడో వంతు వరకు కంతు ఉండవచ్చని నేనంటాను. 25 వేల జీతానికి 8 వేల కంతు అంటే, ఇదే వడ్డీ మీద ఈ రోజు చేయదగిన అప్పు సుమారు 4 లక్షలు. 45 వేల జీతానికి 15 వేల కంతు అంటే, దాదాపు 7.5 లక్షలు. విద్యారుణాలలో బ్యాంకులు సాధారణంగా 4 లక్షల వరకు ఏ హామీ అడగవు, 7.5 లక్షలు దాటితేనే ఆస్తి తాకట్టు అడుగుతాయి. ఆ గీత దాటారంటే, ఆ అప్పు చదువు మీద కాక ఇంటి మీద ఇస్తున్నారని గ్రహించండి.

ఆ తాకట్టు గురించి కూడా స్పష్టంగా తెలుసుకోవాలి. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద, కంతులు ఆగిపోతే బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే 60 రోజుల నోటీసు ఇచ్చి తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే ప్రక్రియ మొదలుపెట్టవచ్చు. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. అందుకే బ్యాంకులు సాధారణంగా మూడెకరాల తోట కన్నా మీరుంటున్న ఇంటికే మొగ్గు చూపుతాయి. పైగా ఈ రుణంలో మీరు సహరుణగ్రహీత, అంటే అప్పుకు మీరూ బాధ్యులే. మూడు నెలలు కంతు తప్పితే ఖాతా మొండి బకాయి అవుతుంది, అప్పులు ఎలా తీర్చారో చూపే మీ సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు తోట మీద పంట రుణం తీసుకోవడమూ కష్టమవుతుంది. మీ ఆదాయం తోతాపురి మీద నిలిచి ఉంది. 2025 వేసవిలో ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు తన వైపు నుంచి కలపవలసి వచ్చిన సంగతి, బంగారుపాళ్యంలో ట్రాక్టర్లు బారులు తీరిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. చదువుతున్నన్నాళ్లూ వడ్డీ వరకైనా మేమే కట్టుకుంటాం అని మీరు అనుకోవచ్చు. అలా కడితే కంతు 22 వేలకు తగ్గుతుంది, బ్యాంకులు వడ్డీలో కొంత రాయితీ కూడా ఇస్తాయి. కానీ మొదటి ఏడాది నెలకు 3,700తో మొదలయ్యే ఆ వడ్డీ నాలుగో ఏడాదికి నెలకు 14,700 అవుతుంది. మామిడి ధర పడిన ఏడాది అది ఎక్కడి నుంచి వస్తుందన్నది మీరే చెప్పాలి. ఏజెంటు పన్ను మినహాయింపు వస్తుందని కూడా చెప్పి ఉంటాడు. చదువు అప్పు వడ్డీకి మినహాయింపు నిజమే గాని, అది పాత పన్ను విధానంలోనే ఉంటుంది, నాలుగైదు లక్షల జీతానికి కట్టవలసిన పన్నే ఉండదు. దానిని లెక్కలోంచి తీసేయండి.

ఇప్పుడు అమ్మాయి వైపు నుంచి చూద్దాం. ఆమె కోరికలో న్యాయం ఉంది. బెంగళూరులో చదివితే ఇంటర్న్‌షిప్పులు చేతికి అందేంత దగ్గరలో ఉంటాయి, సీనియర్లు పనిచేసే కంపెనీలు పక్క వీధిలోనే ఉంటాయి, నాలుగు భాషల పిల్లలతో కలిసి మాట్లాడే ధైర్యం వస్తుంది. ఇవి చిన్న విషయాలు కావు. కానీ ఇన్ఫర్మేషన్ సైన్స్ అన్న పేరు కోసం ఇంత చెల్లించనక్కరలేదు. కర్ణాటకలో విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం కింది కాలేజీల్లో ఆ పేరుతో నడిచే బ్రాంచికి, మన దగ్గర ఐటీ, కంప్యూటర్ సైన్స్ అని నడిచే బ్రాంచీలకు పాఠ్యాంశాలు చాలావరకు ఒకటే. డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్కులు అన్నీ మూడింటిలోనూ ఉంటాయి. కంపెనీలు కూడా ఈ మూడు బ్రాంచీల పిల్లలను సాధారణంగా ఒకే పరీక్షకు పిలుస్తాయి. పైచెప్పిన ఆరున్నర లక్షల, అంతకు మించిన ఉద్యోగాలకు క్యాంపస్ బయట జరిగే పరీక్షలు ఏ కాలేజీ వారైనా రాయవచ్చు. ఐఐటీల అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు తిరుపతిలో కూర్చుని వినవచ్చు, వినడానికి ఖర్చు లేదు. చిత్తూరు నుంచి బెంగళూరు బస్సులో ఒక పూట ప్రయాణం. మూడో ఏడాది సెలవుల్లోనో, చివరి సెమిస్టరులోనో ఆమె అక్కడ ఇంటర్న్‌షిప్ చేయాలంటే రెండు, మూడు నెలల హాస్టలు ఖర్చుతో పోతుంది. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంటే ఎంటెక్‌లో నెలకు 12,400 స్టైపెండు తీసుకుంటూ పేరున్న సంస్థలో చదవవచ్చు. ఆ దారిలో ఇప్పుడు పెద్ద అప్పు లేకపోవడమే ఆమెకు బలం, ఎందుకంటే కంతు తరుముతుంటే మొదటి వచ్చిన ఉద్యోగంలోనే దూరాలి, రెండేళ్లు ఆగి చదవడానికి వీలుండదు.

బెంగళూరులోనే చదవాలన్న పట్టుదల ఉంటే, అది నెరవేరే సక్రమమైన దారి మరొకటి ఉంది. కర్ణాటక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇతర రాష్ట్రాల వారికి కూడా ర్యాంకును బట్టి సీట్లిచ్చే కామెడ్‌కె పరీక్ష ఉంది. మీ అమ్మాయి ఈ ఏడాది ఆ పరీక్ష రాసి ఉంటే, దాని కౌన్సెలింగులో వచ్చే సీటుకు ఫీజు మేనేజ్‌మెంట్ సీటు కంటే బాగా తక్కువ, డొనేషన్ అన్న మాటే ఉండదు. రాసి ఉండకపోతే, దాని కోసం ఒక ఏడాది ఖాళీగా ఉండమని మాత్రం నేను చెప్పను.

ఇంకొక మాట, కాస్త కటువుగా అనిపించినా చెప్పాలి. ఈ రుణం అమ్మాయి పేరు మీద ఉంటుంది. 23వ ఏట మొదలయ్యే కంతులు 33వ ఏట వరకు, పదిహేనేళ్లయితే 38వ ఏట వరకు సాగుతాయి. ఆ పదేళ్లలోనే మీ ఇంట్లో పెళ్లి మాటలు వస్తాయి, అప్పుడు “ఈ కంతు ఎవరు కట్టాలి” అన్న ప్రశ్న కొత్త ఇంట్లో ఆమె ముందు నిలబడుతుంది. తిరుపతిలో బ్యాంకులో విద్యారుణాలు చూసిన రోజుల్లో, పెళ్లయిన కూతురి కంతును అరవై ఏళ్ల తండ్రి నెలనెలా వచ్చి కట్టడం నేను చూశాను. ఆ పిల్లకు ఉద్యోగం లేక కాదు, ఆమె జీతం మీద ఆమెకే అధికారం లేక. మీ అమ్మాయికి అలాంటి స్థితి రాకూడదు. అలాగే, కొడుకు చదువు కోసం ఇల్లు మిగల్చాలన్న ఆలోచనతో మీరు వద్దంటున్నారన్న అనుమానం కూడా ఆమెకు రాకూడదు. రేపు కొడుకు ఇదే షరతులతో ఇలాంటి సీటు అడిగినా ఇదే జవాబు చెబుతానని ఆమె ముందు స్పష్టంగా అనండి, అనడమే కాదు, ఆ మాట మీద నిలబడండి.

తిరుపతి సీటులోనూ చూసుకోవలసినవి ఉన్నాయి. రీయింబర్స్‌మెంట్ సొమ్ము కొన్నిసార్లు ఆలస్యంగా వస్తుంది, అప్పుడు కాలేజీలు విద్యార్థులను కట్టమని ఒత్తిడి చేస్తాయి. కాబట్టి మీ దగ్గరున్న 4 లక్షల్లో ఒక ఏడాది ఫీజుకు సరిపడా సొమ్మును కదపకుండా ఉంచండి. ఆదాయ ధ్రువపత్రం, ఆధార్‌తో బ్యాంకు ఖాతా అనుసంధానం ఇప్పుడే సరిచూసుకోండి. హాస్టలు, పుస్తకాలు, ఒక మంచి ల్యాప్‌టాప్ మిగిలిన సొమ్ములో సర్దుకుంటాయి. ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం వెనకాడవద్దు, ఈ చదువుకు అది పనిముట్టు. ఒకవేళ రెండు, మూడు లక్షలు తక్కువ పడితే, అంత మాత్రం విద్యారుణం తీసుకోవడంలో తప్పు లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, కాలేజీకి నాక్ గాని, కోర్సుకు ఎన్‌బీఏ గాని గుర్తింపు ఉంటే, చదువు కాలానికి, ఆ తర్వాతి ఏడాదికి వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించే పథకం ఉంది. దరఖాస్తు చేసేటప్పుడు బ్యాంకు మేనేజరును ఆ వడ్డీ రాయితీ గురించి మీరే అడగండి, వారంతట వారు చెప్పకపోవచ్చు. తిరుపతి కాలేజీ ఎన్‌ఐఆర్‌ఎఫ్ పత్రాన్ని కూడా అమ్మాయి చేత తీయించి చూడండి. కన్వీనర్ కౌన్సెలింగులో ఇంకా విడతలు మిగిలి ఉంటే, ఆ అంకెలను బట్టి ఆప్షన్లు మార్చుకోవచ్చు.

ఏజెంటుకు ఇచ్చిన 25 వేలను రాతపూర్వకంగా తిరిగి అడగండి. ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ వివరాలు, వాట్సాప్‌లో అతను రాసిన మాటలు చెరిపేయకుండా దాచండి. ఇవ్వకపోతే పోలీసు ఫిర్యాదుకు అవి పనికొస్తాయి. ఆ డబ్బు రాకపోయినా సరే, దాన్ని దక్కించుకోవడానికని మిగిలిన 3 లక్షలు మాత్రం కట్టవద్దు. అమ్మాయి పదో తరగతి, ఇంటర్ అసలు సర్టిఫికెట్లు అతని చేతిలో ఉంటే ఈ వారమే వెనక్కి తెచ్చుకోండి, కన్వీనర్ సీటులో చేరడానికి అవి కావాలి. ఆ సీటు అలాట్‌మెంట్ ఆర్డరులో ఇచ్చిన గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, కాలేజీకి వెళ్లి రిపోర్టు కూడా చేయాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా అలాట్‌మెంట్ రద్దవుతుంది. బెంగళూరు కాలేజీ జవాబు కోసం ఎదురుచూస్తూ ఆ గడువు దాటనివ్వకండి.